సూట్‌కేసులో ఫ్లెక్సీ

మా అమ్మాయి ఫొటో అమలాపురం గడియారస్తంభం సెంటర్లో పదిహేను రోజులు వేలాడింది. పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు వాళ్ళ స్కూలువాళ్ళు కట్టించిన ఫ్లెక్సీ అది. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిది మంది పిల్లల మొహాలు, ఒక్కో మొహం కింద హాల్‌టికెట్ నంబరు, దాని కింద మార్కులు. పై వరసలో రెండో మొహం మాది. ఐదువందల ఎనభై మూడు. ఆ పదిహేను రోజులూ నాకు అమలాపురంలో రోజూ ఏదో ఒక పని పడింది. మాది అల్లవరం దగ్గర పల్లె. మంచి వంకాయలు అమలాపురంలో తప్ప దొరకవని మా ఆయనకు చెప్పి, బండి వెనక కూర్చుని వెళ్ళి, సరిగ్గా ఆ ఫ్లెక్సీ ఎదురుగా దిగేదాన్ని. అరటిపళ్ళు బేరం చేస్తున్నట్టు నటిస్తూ, నా మొహానికీ ఆ మొహానికీ ఉన్న పోలిక ఎవరైనా పట్టుకుంటారేమోనని నిలబడేదాన్ని. ఒక్కరూ పట్టుకోలేదు. జనానికి బొత్తిగా పరిశీలన తగ్గిపోయింది.

మా వైపు ఫ్లెక్సీకి రెండు జన్మలు. మొదటి జన్మలో కూడలిలో నమస్కారం పెడుతుంది. రెండో జన్మలో ధాన్యం రాశి మీద పరదాగానో, పశువుల పాకకు కప్పుగానో స్థిరపడుతుంది. మా ఆయన పనిచేసే రొయ్యల చెరువు గట్టున మేత దాచుకునే పాక ఉండేది. దాని కప్పు మీద ఎప్పుడో ఓడిపోయిన అభ్యర్థి ఒకాయన ఎండనకా వాననకా చేతులు జోడించి పడుకుని ఉండేవాడు. మా అమ్మాయికి ఆ గతి పట్టకూడదనుకున్నాను. ఫ్లెక్సీ దింపే రోజు తెలుసుకుని స్కూలు ఆఫీసుకు వెళ్ళి అడిగాను. "తీసుకెళ్ళండమ్మా, ఎలాగూ వచ్చే ఏడు కొత్త మొహాలు వస్తాయి కదండి" అని గుమస్తాగారు ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, పట్టుచీరల పక్కన బీరువాలో పెట్టాను.

ఆ జూన్‌లో మా అమ్మాయినీ, కొత్తపేటలో ఉండే మా అక్క కూతురినీ విజయవాడ దగ్గర ఒక హాస్టల్ కాలేజీలో ఇంటర్‌లో చేర్చాం. ఇద్దరూ ఒక ఈడువాళ్ళే, అక్క కూతురు నాలుగు నెలలు పెద్ద. కాలేజీని ఎంచింది మా అక్క. ఆట స్థలం లేదు, కిటికీలన్నిటికీ ఇనప జాలీలు, గేటు దగ్గర ఇద్దరు కాపలావాళ్ళు. "ఎంత క్రమశిక్షణే!" అని అక్క మురిసిపోయింది. నేనూ మురిశాను. పొద్దున్న ఐదింటి నుంచి రాత్రి పదిన్నర దాకా చదివిస్తారని అక్కడి పెద్దాయన చెబితే, మధ్యలో భోజనానికి అంతసేపెందుకండీ అని అడగబోయి ఆగిపోయాను.

పిల్లల్ని అలా సురక్షితంగా లోపల పెట్టి వచ్చిన కొన్నాళ్ళకే మా ఆయనకు ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది. ఉత్తరాన సముద్రం పక్కన రొయ్యల చెరువులున్నాయట, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న టెక్నీషియన్ కావాలట. మా ఆయన చెరువు గట్టున నిలబడి నీళ్ళ రంగు చూస్తే చాలు, అడుగున ఏం జరుగుతోందో చెప్పేస్తారు. ఇంట్లో ఏం జరుగుతోందో మాత్రం ఎవరో చెప్పాలి. ఆస్ట్రేలియా వెళ్తున్నామని తెలిసి ఊళ్ళో ఒక్కొక్కరే పలకరించడానికి వచ్చారు.

"సాఫ్ట్‌వేరా అండి?"

"కాదండి, రొయ్యలు."

"రొయ్యల కోసం అంత దూరం ఏంటండి, మన దగ్గర లేవా?"

దానికి నా దగ్గర ఒక జవాబు తయారుగా ఉండేది. "పిల్లల చదువు కోసమండి." ఆ మాటకు అందరూ తలలూపి కాఫీ తాగి వెళ్ళేవారు. విదేశం వెళ్ళే ప్రతి తల్లీ తండ్రీ చెప్పే మాటే అది. ఆ పిల్లల్ని అడిగారా అని ఎవరూ అడగరు, నన్నూ అడగలేదు. అడిగినా ఏముంది, మా అబ్బాయికి పదమూడేళ్ళు, వాడికి సైకిలు కావాలి, దేశంతో పనిలేదు. అమ్మాయి అయితే హాస్టల్లో ఉంది. నెలకోసారి ఫోన్లో "బాగున్నానమ్మా" అనేది, అంతే.

వీసాలన్నీ వచ్చేసరికి డిసెంబరు అయింది. అమ్మాయిని హాస్టల్ నుంచి తీసుకురావడానికి నేనే వెళ్ళాను. బస్సెక్కగానే నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. విజయవాడ దాటాం, ఏలూరు దాటాం, తణుకు దాటాం, లేవలేదు. రావులపాలెంలో అరటిగెలల లారీలన్నీ ఒక్కసారే హారన్లు కొడుతుంటే పక్క సీట్లో చంటిపిల్లాడు లేచి ఏడ్చాడు, ఇది కదలలేదు. పదహారేళ్ళు రాకుండానే ఇంత బద్ధకమేమిటి అని మనసులో తిట్టుకున్నాను.

పెట్టెలు సర్దేటప్పుడు అడుగున ఫ్లెక్సీ పరిచి దాని మీద బట్టలు పేర్చాను. మా ఆయన చూసి, "అదెందుకే?" అన్నారు.

"సాక్ష్యం. అక్కడివాళ్ళకి మన పిల్ల సంగతి తెలియద్దా అండి?"

ఆయన రొయ్యల మనిషి. పెట్టె మూత మీద కూర్చుని జిప్పు లాగారు. అక్కడి విమానాశ్రయంలో పెట్టెలు విప్పించిన అధికారి కరివేపాకు తీసేసుకున్నాడు, ఎండు చేపలు తీసేసుకున్నాడు, మా అక్క మూడు రోజులు కూర్చుని చేసిన సున్నుండల డబ్బా వాసన చూసి అదీ తీసేసుకున్నాడు. ఫ్లెక్సీని మాత్రం పూర్తిగా విప్పి, ఎనిమిది మొహాలూ చూసి, మళ్ళీ బుద్ధిగా మడిచి ఇచ్చాడు. చదువంటే ఆ దేశంలో ఎంత గౌరవమో అనుకున్నాను.

జనవరి చివర్లో అక్కడ స్కూళ్ళు తెరిచారు. మేం దిగిన చిన్న ఊళ్ళో ఉన్న ప్రభుత్వ పాఠశాలకు నలుగురం వెళ్ళాం. ఒకటే అంతస్తు. చుట్టూ వరండా, ముందు రెండెకరాల పచ్చిక, దాన్ని దున్నకుండా వదిలేశారు. పిల్లలు టోపీలు పెట్టుకుని చెట్ల కింద కూర్చుని తింటున్నారు. ఇదేదో పిక్నిక్‌కి వచ్చిన వేరే స్కూలు అనుకుని అసలు స్కూలు ఎక్కడా అని మా ఆయన వెతికారు. పిల్లల చదువు గురించి సలహా చెప్పే మేడమ్ ఒకావిడ మమ్మల్ని లోపలికి పిలిచారు. అరవై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా నిక్కరు, కాళ్ళకు చెప్పులు. తనను పేరు పెట్టి పిలవమన్నారు. నేను మేడమ్ గారని పిలుస్తూనే ఉన్నాను.

ఇక్కడ మా వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఇంట్లో నా నోటికి జడవనివాళ్ళు లేరు. గడప దాటితే ఆ నోరు ఆయ్ అండి తప్ప మరో మాట ఎరగదు. బల్లకు అవతల కూర్చున్న మనిషి ఎవరైనా సరే, బ్యాంకు మేనేజరు కానివ్వండి, డాక్టరు కానివ్వండి, తహసీల్దారు ఆఫీసులో అటెండరు కానివ్వండి, ఆయన మాట్లాడుతున్నంతసేపూ మధ్యమధ్యలో మనం ఆయ్ అంటూ ఉండాలి. వింటున్నాం, మీరు కానివ్వండి అని చెప్పడమే తప్ప, ఒప్పుకున్నట్టు కాదు. ఒప్పుకోవడమూ ఒప్పుకోకపోవడమూ ఇంటికొచ్చాక చేసే పనులు. ఆ మర్యాదే నేను ఇంగ్లీషులో చేశాను. ఆవిడ నలభై నిమిషాలు మాట్లాడారు. వాక్యం పూర్తయినప్పుడల్లా నేను "ఎస్ మేడమ్" అన్నాను. చదివితే నాకు ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ, ఆ వేగంలో నాలుగు మాటలకు ఒకటి చిక్కింది. చిక్కినవన్నీ మంచి మాటలే. చివర్లో మూడు కాగితాలు జరిపితే ఇద్దరం సంతకాలు పెట్టాం. ఎంత మర్యాదస్తురాలో, ఒక్క ప్రశ్నతోనైనా మనల్ని ఇబ్బంది పెట్టలేదు అని దారి పొడవునా మెచ్చుకున్నాం.

ఇంటికొచ్చాక మా అబ్బాయి ఆ కాగితాలు చదివి, "అమ్మా, అక్కని పదో తరగతిలో వేసేరే" అన్నాడు.

వయసు ప్రకారం అంతేనట. ఆవిడ నలభై నిమిషాల్లో నాలుగుసార్లు అదే అడిగారట, నేను నాలుగుసార్లూ ఒప్పుకున్నానట. అంతా వింటూ పక్కనే కూర్చున్న మా అమ్మాయి అప్పుడు నోరు విప్పలేదు, ఇప్పుడూ విప్పలేదు.

ఇంటర్‌లో ఏడు నెలలు చదివిన పిల్లను మళ్ళీ పదిలో వేశారు. సంవత్సరం పోయింది! ఈ మాట మా ఇళ్ళల్లో ఎలా పలుకుతారో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. మనిషి పోయాడన్న కబురును కూడా కాస్త నెమ్మదిగా చెబుతారు. సంవత్సరం పోతే ఈడువాళ్ళందరూ ముందుకు వెళ్ళిపోతారు, వాళ్ళ పెళ్ళిళ్ళయిపోతాయి, ఉద్యోగాలొచ్చేస్తాయి, ఈ పిల్ల ఒక్కర్తే ప్లాట్‌ఫారం మీద సంచి పట్టుకుని నిలబడిపోతుంది. ఆ పూట నేను అన్నం తినలేదు.

"నువ్వేగా ఎస్ ఎస్ అన్నావు" అన్నారు మా ఆయన.

"మీరు తలూపలేదా అండి?"

"నువ్వు ఎస్ అన్నావని ఊపేను."

"నేనన్న ప్రతిదానికీ ఇంట్లో కూడా ఊపుతారా?"

ఆయన లేచి చెరువు దగ్గరికి వెళ్ళిపోయారు. ఏ దేశంలోనైనా చెరువులుంటే ఆయనకు దారి దొరుకుతుంది.

ఆదివారం మా అక్క వీడియో కాల్ చేసింది. "ఏమే, పిల్లని పదకొండులో వేసేరా?"

"ఆయ్, వేసేరక్కా" అన్నాను. ఆ ఒక్క అబద్ధాన్ని నిలబెట్టడానికి ప్రతి ఆదివారం ఇంకో రెండు చెప్పాల్సి వచ్చింది. ఆ లేని పదకొండో తరగతికి నేనే ఒక లాబొరేటరీ కట్టించాను, కెమిస్ట్రీకి ఒక కఠినమైన మాస్టారిని పెట్టాను, మా అమ్మాయికి ఆయన చేత రెండుసార్లు మెప్పు ఇప్పించాను. అటునుంచి అక్క తన కూతురి వారపు పరీక్షల ర్యాంకులు చదివేది. నూటపన్నెండు, తొంభై ఎనిమిది, నూటనలభై. నూటనలభై వచ్చిన వారం అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను ఓదార్చాను.

ఇక అసలు పదో తరగతి సంగతి. పుస్తకాలు లేవు. పొద్దున్న తొమ్మిదికి వెళ్ళి మూడింటికి వచ్చేస్తారు. మూడింటికి! మా అమలాపురంలో ఆ వేళకు మధ్యాహ్నం స్టడీ అవర్ మొదలవుతుంది. అబ్బాయి తరగతీ అంతే. వాడి హోంవర్కు ఏమిటని అడిగితే, "ఈ వారం ఒక కొత్త మనిషితో మాట్లాడి రమ్మన్నారు" అనేవాడు. ఇంకోసారి ఐస్‌క్రీం పుల్లలతో వంతెన కట్టమన్నారు. రెండు వారాలు ఇల్లంతా జిగురు. మా కోనసీమకు వస్తుందని నా చిన్నప్పటి నుంచి వింటున్న రైలు కంటే ముందే ఆ వంతెన పూర్తయింది. దాని మీద ఇటుకలు పెట్టి, ఎన్ని పెడితే విరుగుతుందో చూసి, చప్పట్లు కొట్టారట. విరగ్గొట్టడానికి కట్టడం ఎందుకురా అంటే, "ఎక్కడ విరిగిందో చూడడానికమ్మా" అన్నాడు. నెల తిరక్కుండానే వాడికి ఎదురు సమాధానాలు కూడా సిలబస్‌లో చేర్చారని అర్థమైంది.

మొదటి రిపోర్టు వచ్చింది. మా అమ్మాయి తరగతిలో ఉండటం తమకు ఆనందంగా ఉందని ఒక టీచరు రాశారు. మెల్లగా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టిందని ఇంకొకరు రాశారు. కాగితం అటూ ఇటూ తిప్పాను, వెలుతురుకు పెట్టి చూశాను. మీ ఆనందం సరే తల్లీ, ర్యాంకు ఎంత? ఎందరిలో ఎన్నోది? అది మాత్రం ఎక్కడా లేదు. ఎవరి కంటే వెనకబడి ఉందో తెలియకపోతే పిల్లను ఏమని తిట్టాలి?

పైగా ఎంచుకోమన్న పాఠాల్లో మా అమ్మాయి చెక్కపని ఎంచుకుంది. ఐదువందల ఎనభై మూడు మార్కులు వచ్చిన పిల్ల, గడియారస్తంభం సెంటర్లో వేలాడిన పిల్ల, చిత్రిక పడుతోంది. ఆరు వారాలు చేసి ఒక పీట తెచ్చింది. కొబ్బరి కోరుకునే పీట. కోరు బిగించడానికి ముందు వైపు గాడి కూడా పెట్టింది, బ్లేడు మాత్రం స్కూల్లో ఒప్పుకోలేదట, నాన్నను తెమ్మంది. మా పుట్టింట్లో ఉన్న పీట ఎత్తు నాకు సరిపోక నడుం నొప్పి వచ్చేదని ఎప్పుడో అన్నానట, అందుకని రెండంగుళాలు పెంచిందట. నేను దాని మీద కూర్చోకుండా గోడకు ఆనించేశాను.

నాకు ఇంకా కొన్ని లక్షణాలు కనిపించాయి. అన్నం రెండోసారి వడ్డించుకుంటోంది. స్నానం చేస్తూ పాడుకుంటోంది. తమ్ముడితో కొట్లాడుతోంది. ఒకరోజు వంటింట్లో ఏదో చెబుతూ చెబుతూ పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు భయం వేసింది. పిల్ల చేయి దాటిపోతోంది, ఇక ఆలస్యం చేయకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మేడమ్‌గారికి ఉత్తరం రాసి సమయం అడిగాను. పిల్లను పదకొండులోకి మార్చాలి, లేదంటే ఊరుకోను. ఈసారి తప్పు జరగకూడదని మా అబ్బాయి నాకు తర్ఫీదు ఇచ్చాడు. వాడు బల్లకు అటు, నేను ఇటు.

"మీ అమ్మాయి పదిలోనే ఉండనివ్వండి."

"ఆయ్... నో."

"ముందు ఆ ఆయ్ తీసెయ్యమ్మా. తల కూడా ఊపుతున్నావు, చూడు."

మెడ బిగబట్టి నో అనడానికి నాకు మూడు రోజులు పట్టింది. నలభై మూడేళ్ళ వయసులో బయటి మనిషితో ఆ మాట అనబోవడం అదే మొదలు. నాలుగో రోజు అమ్మాయిని వెంటబెట్టుకుని, ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని వెళ్ళాను. మా ఆయన చెరువులో ఆక్సిజన్ తగ్గిందని రాలేదు. అది ఆయనకు కావలసినప్పుడల్లా తగ్గుతుంది.

ఫ్లెక్సీ బల్ల మీద పట్టలేదు. నేల మీద పరిచాను. మేడమ్‌గారు కుర్చీ లోంచి లేచి, ఆ వయసులో, మోకాళ్ళ మీద కూర్చుని చూడటం మొదలుపెట్టారు. టీచరమ్మ కింద కూర్చుంటే నేను కుర్చీలో ఎలా ఉంటాను? నేనూ కింద కూర్చున్నాను. ఆవిడ ఎనిమిది మొహాలనూ, వాటి కింద అంకెలనూ ఒక్కొక్కటే చూసి, నా చేయి పట్టుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"ఈ పిల్లలు తప్పిపోయారా?"

కాదు మేడమ్, వీళ్ళు మొదటి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు, మా ఊరి నడిబొడ్డున ఇలా కట్టి గౌరవిస్తారు అని నేర్చుకున్న ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను. అలాగా అన్నారు. "మీ అమ్మాయి ఎవరు?" అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. పిల్ల ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది, వారం వారం చూస్తూనే ఉన్నారు, పోల్చుకోలేరా? మొదటి వరస చూశారు, రెండో వరస చూశారు, ఇంకో పిల్లను చూపించారు. నేను వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. ఆవిడ ఆ మొహం చూసి, ఈ మొహం చూసి, మళ్ళీ ఆ మొహం చూశారు. నేనూ చూశాను. ఆ ఫొటో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. కళ్ళ కింద ఆ నలుపు, బిగించిన ఆ పెదాలు నేను అంతకుముందు చూడలేదు. మార్కులే చూశాను.

మేడమ్‌గారు లేచి నాతో కాదు, పిల్లతో మాట్లాడారు. నీకేం కావాలి అని అడిగారు. అలవాటు కొద్దీ నేను జవాబు చెప్పబోయాను. ఆవిడ నా వైపు తిరగకుండా, కుర్చీ జరుపుకుని పిల్లకు ఎదురుగా కూర్చున్నారు.

మా అమ్మాయి ఇంగ్లీషులో కాకుండా నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది. "అమ్మా, నేను పదో తరగతి చదవలేదమ్మా. రాసేను, అంతే."

"అదేంటే, అన్ని మార్కులొస్తేను?"

"వచ్చేయి. ఏం చదివేనో ఒక్కటీ గుర్తులేదు. ఆ ఫొటో తీసిన రోజు నాకు జొరం. నీతో చెప్తే మాత్రేసి పంపేవు." తిడుతున్నట్టు లేదు, ఎవరి సంగతో చెబుతున్నట్టు చెబుతోంది. "హాస్టల్లో పొద్దున్న బాత్రూం లైన్లో కొత్తపేట అక్కా నేనూ నిలబడే నిద్రపోయేవాళ్ళం. ఒకళ్ళు పడుకుంటే ఇంకోళ్ళు భుజం పట్టుకుని ముందుకు జరిపేవోళ్ళం. ఇక్కడ అర్థం కాపోతే మళ్ళీ అడగమంటున్నారమ్మా. అడిగితే నవ్వట్లేదు. నన్ను పదకొండుకి పంపకు. ఈ ఒక్క సంవత్సరం నాకిచ్చెయ్యి."

రావులపాలెంలో లారీల హారన్లకు కూడా లేవని పిల్ల నా కళ్ళ ముందుకు వచ్చింది. ఆ రోజు దాన్ని ఏమని తిట్టుకున్నానో గుర్తొచ్చింది. మూడు రోజులు సాధన చేసి తెచ్చుకున్న నో నోట్లోనే ఉంది. ఎవరి మీద వాడాలో తెలియలేదు.

మేడమ్‌గారికి తెలుగు రాదు కదా, పాపం, ఇద్దరి మొహాలూ చూసి, అమ్మాయి అడిగింది మీకు సమ్మతమేనా అని నన్ను అడిగారు.

"ఆయ్" అన్నాను. ఇంగ్లీషులో చెప్పాలని కూడా తోచలేదు. ఆవిడకు అర్థమైంది. నా జీవితంలో బల్లకు అవతలివాళ్ళతో ఒప్పుకునే అన్న మొదటి ఆయ్ అదే. బయటికొచ్చి ఆ దున్నని రెండెకరాల పచ్చిక అంచున కూర్చుని ఏడ్చాను. పిల్ల పక్కన కూర్చుని, తన టోపీ తీసి నా నెత్తిన పెట్టింది. టోపీ లేకుండా ఎండలో కూర్చోకూడదట, రూలట.

ఫ్లెక్సీకి రెండో జన్మ కూడా అక్కడే మొదలైంది. పెరట్లో అమ్మాయి తెచ్చుకున్న చెక్కలు వానకు తడుస్తుంటే మా ఆయన దాన్ని నాలుగు కర్రలకు కట్టారు. మొహాలు పైకి ఉంచాలా కిందికి ఉంచాలా అని నన్ను అడిగారు. కిందికి అన్నాను, ఎండకు మాడిపోకుండా. కొబ్బరిపీటకు కోరు బిగించారు. రెండంగుళాల ఎత్తు నిజంగానే నడుముకు సుఖంగా ఉంది. ఒప్పుకోవడానికి నాకు ఇంకో వారం పట్టింది.

మిగిలింది మా అక్క. ఆ ఆదివారం కాల్ చేసేసరికి వాళ్ళ ఇంట్లో సందడిగా ఉంది. అక్క కూతురు హాస్టల్ నుంచి రెండు రోజుల సెలవుకు ఇంటికి వచ్చింది, చూడటానికి బంధువులొచ్చారు. అక్క ఫోను అందరి వైపూ తిప్పి చూపించి, గర్వంగా అడిగింది. "ఏమే, మనమ్మాయి పదకొండు ఎలా చదువుతోంది? మీ కెమిస్ట్రీ మాస్టారేమంటున్నారు?"

"పదకొండు కాదక్కా. పదే. మళ్ళీ పది చదువుతోంది."

కొత్తపేటలో బంధువుల తలలన్నీ ఒక్కసారే ఫోను వైపు తిరిగాయి. వెనకాల కుక్కరు కూసింది.

"ఫెయిలయిందా ఏంటే?"

"లేదక్కా. మొదట్నుంచీ పదిలోనే వేసేరు. నేనే నీకు అబద్ధం చెప్పేను. మారుద్దామని వెళ్తే, వద్దు, ఇదే చదువుతానని తనే అడిగింది."

"అడిగితే చదివించేస్తావా?"

"ఆయ్."

"నీకేమన్నా మతి పోయిందా? సంవత్సరం పోతుందే!" అని అక్క ఇంకా ఏదో అనబోయి, బంధువుల ముందు బాగుండదనుకుందో ఏమో, "స్టవ్ మీద కూరుంది" అంటూ ఫోను కూతురి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

అక్క కూతురు ఫోను పట్టుకుని పక్క గదిలోకి నడిచింది. తలుపు వేసింది. కళ్ళ కింద ఆ నలుపు. పెదాలు అలాగే. ఫ్లెక్సీ మీద చూసి చూసి నాకు ఇప్పుడు ఆ మొహం ఎక్కడున్నా తెలిసిపోతుంది. ఒకసారి తలుపు వైపు తిరిగి చూసి, ఫోనును మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

"పిన్నీ, నన్ను కూడా మళ్ళీ పదిలో వేయించవా?"

ఎవరేమడిగినా ఆయ్ అనే నోరు నాది. ఆ పిల్లకు ఆ ఒక్క మాట చెప్పలేకపోయాను.